హీనా రాసిన మధ్యాహ్నం

ముద్దనూరు దాటాక తన్మయి మళ్లీ సీటు మారింది. ఎండ మొహానికి కొడుతోందని మొదట కిటికీ పక్కనుంచి లేచింది. ఇటువైపు కూర్చుంటే గాలి ఆడటం లేదనిపించింది. అసలు సంగతి ఎండా కాదు, గాలీ కాదు. పులివెందుల దగ్గర పడేకొద్దీ ఆమెకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకావడం లేదు. చేతిసంచి జిప్పు తెరిచి లోపల ఏమీ వెతక్కుండానే మూసింది. ఫోను తీసి తరగతి బ్లాగు తెరిచింది. పొద్దున చూసిన పేజీయే. అందులో హీనా రాసింది మళ్లీ చదువుకుంది.

"మధ్యాహ్నం మా వీధిలో శబ్దాలు గూడా నీడకు పోతాయి. సలీం మామ వెల్డింగు షాపులో నిప్పురవ్వలు ఎగరవు, జారి పడతాయి. కుక్క బండి కింద పండుకోనింటాది. బండి కదిలితే అదీ లేసి నీడ ఎంబడే నడుస్తాది, కండ్లు తెరవకుండానే."

తన్మయి జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్లో తెలుగు చెబుతుంది. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చిపోతుంది. నిరుడు తొమ్మిదో తరగతి వాళ్లకోసం ఆ బ్లాగు మొదలుపెట్టింది. ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు తక్కువ. పిల్లలు అక్కడ వంతులవారీగా మొదలుపెట్టి, మిగిలింది ఇంట్లో అమ్మల ఫోన్లలో పూర్తి చేసేవాళ్లు. ఫొటోలు ఉండవు, ఇంటిపేర్లు ఉండవు. ఒకరు రాసింది మిగిలినవాళ్లు చదివి, అర్థం కానిది అడగాలి. "సూపర్" అని రాసి ఊరుకుంటే తన్మయి తీసేస్తుంది. పరీక్ష పేపరులో పాస్ మార్కులు తెచ్చుకోవడానికే కిందా మీదా పడే హీనా, ఆ బ్లాగులోకి వచ్చేసరికి వేరే పిల్ల అయిపోయేది. పులివెందులలో విద్యార్థుల రచనల ప్రదర్శన పెడుతున్నామంటే తన్మయి ఆ మధ్యాహ్నం వ్యాసాన్నే పంపింది. ఎంపికైంది. రాసిన పిల్లతో ఈరోజు మాట్లాడతామన్నారు.

వెనక సీటులో హీనా కిటికీకి తల ఆనించి బయటికి చూస్తోంది. పక్కన ఆమె తల్లి అజ్మత్ బీ చీరకు ఫాల్ కుడుతోంది. బస్సు గుంతలో పడినప్పుడు సూది ఆపుతుంది, లేచాక మళ్లీ గుచ్చుతుంది. సాయంత్రానికి ఇచ్చేయాల్సిన చీరట. ఒక పూట పోతే పోయిందని ఊరుకోకుండా వెంట తెచ్చుకుంది. కూతుర్ని ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక తానూ బయల్దేరింది.

ప్రదర్శన ఒక కాలేజీ హాల్లో పెట్టారు. పిల్లల రచనలన్నీ పెద్ద అక్షరాల్లో అచ్చువేయించి గోడలకు అంటించారు. తన వ్యాసం ముందు హీనా ఆగి, పైనుంచి కిందిదాకా చదివి, ఒక అక్షరం తప్పు పడిందని తన్మయికి చూపించింది. అంతకుమించి సంతోషం బయటపెట్టలేదు. తల్లి మాత్రం ఆ కాగితం అంచు వేలితో తడిమి చూసింది.

న్యాయనిర్ణేతల్లో ఫణికుమార్ అనే లెక్చరరు తన్మయిని పక్క గదిలోకి పిలిచాడు. యాభై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఈ వారం రోజులుగా వచ్చినవాటిలో సగం ఫోనులోని ఏఐతో రాయించినవేనని, పిల్లలు ప్రశ్న పడేస్తే అది వ్యాసం ఇచ్చేస్తోందని చెప్పాడు. ఈ అమ్మాయి మార్కులు కూడా తెప్పించుకుని చూశానన్నాడు. "శబ్దాలు నీడకు పోతాయి" అనే మాట ఆ మార్కుల పిల్ల రాసేది కాదని ఆయన నమ్మకం.

అందుకని ఒక చిన్న పరీక్ష పెడతామన్నాడు. హీనాను ఒక బల్ల ముందు కూర్చోబెట్టి తెల్లకాగితం ఇచ్చారు. అంశం వేసవి కాలం. ఇద్దరు సార్లు ఎదురుగా కూర్చున్నారు. హీనా పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. కాగితం మీద మార్జిన్ గీసుకుంది. పరీక్షల్లో గీసినట్టే గీసుకుంది. తన్మయి గోడ పక్కన నిలబడి, చీర కొంగు వేలికి చుట్టి విప్పుతూ ఉండిపోయింది.

అరగంట తర్వాత ఫణికుమార్ ఆ కాగితాన్ని తన్మయి చేతికిచ్చాడు. "వేసవి కాలమున ఎండలు మెండుగా ఉండును. మనము మజ్జిగ, కొబ్బరినీళ్లు త్రాగవలెను. పక్షులకు నీరు పెట్టవలెను. చెట్లు నాటవలెను." ఇంకో రెండు వాక్యాలు. అంతే.

హీనాను బయటికి వెళ్లి అమ్మ దగ్గర కూర్చోమన్నారు. ఆ పిల్ల తలుపు దాటింది.

"మీరే చూడండి మేడమ్" అన్నాడాయన. "ఈ రెండూ ఒక చెయ్యి రాసిందేనా? మీరు చెప్తే నేను ఒప్పుకుంటాను. ఆ బ్లాగులోది మీ కళ్లముందు రాసిందా?"

తన్మయి కాగితం వైపు చూసింది. చెట్లు నాటవలెను. ఆ క్షణంలో ఆమెకే ఏదో అనుమానం కదిలింది. నిజంగానే ఆ పిల్ల రాసిందా? ఎవరైనా రాసిచ్చారా? తను చూడలేదు కదా.

"నా ముందర రాయలేదండీ" అంది.

"అంతే కదా" అన్నాడు ఫణికుమార్. ఆ గొంతులో గెలిచిన సంతోషం కూడా లేదు, అలసట ఉంది.

ఆయన అటెండరును కేకేసి ఆ వ్యాసం తీసేయమన్నాడు. పక్క హాల్లో అటెండరు హీనా వ్యాసాన్ని గోడమీంచి తీశాడు. పై అంచున టేపు గట్టిగా పట్టుకుని సున్నం పెచ్చుతో సహా ఊడింది. అటెండరు దాన్ని గుండ్రంగా చుట్టి, ఎవరికివ్వాలో తెలియక, చివరికి కిటికీ గట్టు మీద పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో తన్మయి సీటు మారలేదు. అజ్మత్ బీ ఏమైందని అడిగితే, ఫోనుతో రాయించారని అనుకుంటున్నారని చెప్పింది. అజ్మత్ బీ కుట్టడం ఆపింది.

"నా ఫోన్లనే రాసినాది మేడమ్. నేను చూసినా. నాకు చదవను రాదు. కానీ చూసినా. రాస్తా రాస్తా పెదాలు కదిలిస్తాది. ఎవురితోనో మాట్లాడతాండట్ల."

హీనా కిటికీలోంచి తల తిప్పలేదు.

మరుసటి రోజు మొదటి గంట కొట్టకముందే హెడ్మాస్టరు దక్షిణామూర్తి తన గదికి పిలిచాడు. రెండేళ్లలో రిటైరవ్వాల్సిన మనిషి. గొడవ అనే మాట వినపడితే చాలు, ముందు కిటికీ తలుపు మూస్తాడు. అప్పుడూ మూశాడు. పులివెందుల నుంచి ఫోను వచ్చిందని, మాట పడాల్సి వచ్చిందని చెప్పాడు. ఆడపిల్లల చేతికి ఫోన్లు ఇప్పిస్తున్నారని ఇదివరకే ఇద్దరు తండ్రులు వచ్చి అడిగారట. ఇప్పుడు కాపీ అనే పేరు కూడా వచ్చింది. సోమవారం సాయంత్రానికి ఆ బ్లాగు తీసేయమన్నాడు.

"పిల్లోల్లు రాసుకోవల్లంటే నోటుబుక్కులు ఉండాయి గదమ్మా" అన్నాడు. "ఎవరు చదవల్లనో వాళ్లే చదువుతారు. ఊరంతా ఎందుకు?"

తన్మయి దగ్గర జవాబు ఉంది. నోటుబుక్కులో రాసింది తనొక్కతే చదువుతుంది, అదీ తప్పులు దిద్దడానికి చదువుతుంది. ఆ మాట అనాలనుకుంది. కానీ నిన్నటి కాగితం కళ్లముందు ఆడేసరికి తల ఊపి వచ్చేసింది.

ఆ రోజు హీనా బడికి రాలేదు. తొమ్మిదో తరగతిలో తన్మయి పాఠం మొదలుపెట్టి మధ్యలో ఆపింది, ఏ పద్యం చెబుతోందో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టింది. ప్రత్యూష అనే పిల్ల లేచి, బ్లాగు ఉంటుందా పోతుందా అని సూటిగా అడిగింది. హీనా రాయలేదంటే నమ్మకండి మేడమ్, ఆ కుక్క ముందు నడుస్తుందో బండి ముందు కదులుతుందో నేనే అడిగితే ఆ పిల్ల దిద్దింది అని చెప్పింది. ఆ సంగతి తన్మయికి తెలుసు. రోజూ చూసే పేజీలో ఉన్న సంగతే. పులివెందులలో ఆ గదిలో నిలబడినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

శనివారం కూడా హీనా రాకపోవడంతో, బడి వదిలాక వాళ్లింటికి వెళ్లింది. సలీం వెల్డింగు షాపు దాటాక సందులో రెండో ఇల్లు. గడపలో వెలుతురు ఉన్నచోట అజ్మత్ బీ చాప వేసుకుని కూర్చుంది. ఆకుపచ్చ చీర అంచును మోకాలికీ బొటనవేలికీ మధ్య బిగదీసి పట్టుకుని కుట్టు వేస్తోంది. పైకి ఒక్క నలుసంత దారం కనబడుతుంది, మిగతాదంతా లోపలే పోతుంది. మేడమ్ వచ్చిందని లేవబోతే తన్మయి వద్దని చాప మీదే కూర్చుంది. అజ్మత్ బీ తన మాట ముందే చెప్పేసింది. కువైట్ నుంచి భర్త జిలానీ రోజూ ఫోను చేసి పిల్ల ఏమి రాసిందని అడుగుతున్నాడని, ఆయనకు ఏమి చెప్పాలో తెలియడం లేదని. దొంగ అని పేరు పెట్టించుకోవడానికి పిల్లను బడికి పంపడం ఎందుకని తన అత్త అంటోందట. అన్నీ కుట్టు మీదినుంచి చూపు తిప్పకుండా చెప్పింది.

హీనా లోపల చేటలో బియ్యం ఏరుతోంది. బయటికి వచ్చి తల్లి పక్కన కూర్చుని, అక్కడా ఏరుతూనే ఉంది. తన్మయి అడగాలనుకున్నది అడిగింది. ఆ రోజు ఆ కాగితం మీద అలా ఎందుకు రాశావని. నీకు తెలిసిన ఎండాకాలమే కదా అని.

హీనా ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"ఎవురికి రాయల్ల మేడమ్?" అంది. "ఆ సార్లది గూడా ఈ పక్కే గదా. వాళ్లకు ఎండ తెలీదా? తెలిసినోల్లకు ఏమని చెప్పేది? మా నాయనకైతే తెలీదు. ఈడ లేడు. ఆడ కారులో ఏసీ ఏసుకోని చదువుతాడు. కుక్క ఏ రంగుది అంటాడు. సలీం మామ ఇప్పుడు గూడా టోపీ పెట్టుకోకుండానే వెల్డింగు చేస్తాండాడా అంటాడు. అప్పుడు నేను పోయి చూసొచ్చి రాస్తా. ప్రత్యూష ఇంగోటి అడుగుతాది. మళ్లా పోయి చూస్తా." కాస్త ఆగింది. "ఆ సార్లు ఏమీ అడగరు. మార్కులేస్తారు. మార్కులకు ఏమి రాయల్లనో మీరే చెప్పినారు గదా, అదే రాసినా."

మజ్జిగ త్రాగవలెను, చెట్లు నాటవలెను. అవి తన్మయి పరీక్షల ముందు బోర్డు మీద రాయించిన పాయింట్లే.

సోమవారం బడికి రమ్మని చెప్పింది. హీనా చేటను ఒకసారి ఎగరేసి పొట్టు ఊదింది. తన్మయి లేచి సందు చివరిదాకా నడిచాక వెనక్కి చూసింది. ఆ పిల్ల గడపలో నిలబడి ఆమెనే చూస్తోంది. కోపమో, ఇంకేదైనా అడగాలని ఉందో తెలియలేదు.

ఆదివారం ప్రొద్దుటూరులో ఇల్లంతా తిరిగింది తన్మయి. బట్టలు ఉతికేందుకు నానబెట్టి మరిచిపోయింది. పాలు పొంగిపోయాయి. అత్త రుక్మిణమ్మ చూసి చూసి, ఏంది అంత కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు, ఏదైనా ఉంటే కూర్చోని తేల్చుకో అంది. తన్మయి కూర్చుంది. నిరుడు బ్లాగు మొదలుపెట్టినప్పటినుంచి తను అందులో ఒక్క ముక్క కూడా రాయలేదని అప్పుడు తట్టింది. దిద్దింది, తీసేసింది, నియమాలు పెట్టింది. రాయలేదు.

"పులివెందులలో ఏం జరిగింది" అని పైన పేరు పెట్టి రాయడం మొదలుపెట్టింది. చకచకా సాగింది. హాలు, గోడలు, పెచ్చుతో సహా ఊడిన టేపు. కరుకుగా, ముక్తసరిగా మాట్లాడే లెక్చరరు. తెల్లకాగితం ముందు కూర్చున్న పిల్ల. "హీనా కళ్లలో నీళ్లు తిరిగాయి" అని రాసింది. "నేను మాత్రం మౌనంగా ఉండిపోయాను. ఆ మౌనం ఇప్పటికీ నన్ను కాలుస్తోంది" అని రాసింది. ఆ వాక్యం చదువుకుంటే ఆమెకే బాగా అనిపించింది. రచన హీనాదేనని, ఆ సంగతి తొమ్మిదో తరగతి మొత్తానికి తెలుసని ముగించింది. సాయంత్రానికి బ్లాగులో పెట్టేసింది. పెట్టాక ఒళ్లు తేలికైంది.

ఆ తేలిక ఎంతోసేపు లేదు. ఎవరైనా చదివారా లేదా అని ఫోను తెరవడం, మూయడం. కూర తరుగుతూ ఒకసారి, వీధిలోకి వెళ్లి ఒకసారి. పిల్లలు ఏడాదిగా ఇలాగే ఎదురుచూస్తున్నారా అనుకుంది. ముందు ప్రత్యూష ప్రశ్న వచ్చింది. ఆ ఊడదీసిన వ్యాసం ఇప్పుడు ఎక్కడుంది, మీరు తెచ్చారా అని అడిగింది. తేలేదు. కిటికీ గట్టు మీదే వదిలేసి వచ్చింది. ఆ తర్వాత కువైట్ నుంచి జిలానీ రాశాడు. ఆయన తెలుగులో అక్షరాలు దూరం దూరంగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి. "మా పాప ఆ దినం అన్నం తినిందా మేడమ్?"

తన్మయి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తను టీ తాగింది. పిల్ల తిన్నదో లేదో ఎవరూ చూడలేదు. జవాబు రాయబోయి చెరిపేసింది.

సోమవారం పొద్దున జమ్మలమడుగు బస్సులో నిలబడి ఉండగా హీనా రాసింది కనిపించింది. కమ్మీకి మోచెయ్యి వేసి, ఊగుతూ చదివింది.

"మేడమ్, నేను ఏడ్వలే. నాకు ఆకలైతాండె. మా నాయన అడిగినాడు గదా, తిన్లే. బస్సు ఎక్కినాక మా అమ్మ బన్ను ఇచ్చింది. ఆ సారుకు చెప్పు తెగి పిన్నీసు పెట్టుకోనుండె. లేసినప్పుడల్లా కాలు ఈడుస్తాండె. మీరు ఆయన్ను శానా కరుకు మనిషిని చేసినారు. ఆయన అట్ల లేడు. ఆయనకు గూడా ఆ దినం బాగలేదేమో. ఇంగోటి. మీరు మౌనంగా ఉండిపోయినానని రాసినారు. మీరు మౌనంగా లేరు. 'నా ముందర రాయలేదండీ' అన్యారు. నేను పోలే, తలుపుకాడనే ఉన్న్యా. ఆ మాట యాల తీసేసినారు? అది లేకపోతే ఆ సారు నా కాగితం ఎందుకు తీయించినాడో చదివేటోల్లకు తెలీదు గదా."

బస్సు ఎవరికోసమో ఆగింది, కదిలింది. ఎవరో లేచి సీటు చూపించారు. తన్మయి కూర్చోలేదు.

శనివారం చాప మీద తను కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నప్పుడు ఆ పిల్లకు అంతా తెలుసు. తెలిసే బియ్యం ఏరుతూ జవాబు చెప్పింది. ఇప్పుడు కూడా నిలదీయడం లేదు. చదివేవాళ్లకు అర్థం కాదని చెబుతోంది. తన్మయి ఆ రాతను మళ్లీ పైనుంచి చదివింది. తెగిన చెప్పు ఆమెకు కనబడలేదు. ఆయన ఎదురుగా అరగంట నిలబడింది, అయినా కనబడలేదు. ఆ గదిలో జరిగినదాన్ని కళ్లు తెరిచి చూసింది ఆ పిల్ల ఒక్కతే. "శబ్దాలు నీడకు పోతాయి" అని రాయగలిగిన మనిషి ఎవరో ఇంక ఎవరూ రుజువు చేయనక్కరలేదు.

బడిలో ప్రార్థన ఇంకా మొదలుకాలేదు. తన్మయి నేరుగా ల్యాబుకు వెళ్లి, తలుపు పక్కనున్న కంప్యూటరు వేసింది. అది తెరుచుకునేదాకా నిలబడే ఉంది. తను రాసింది తెరిచి, కాల్చే మౌనాన్ని చెరిపేసింది. కన్నీళ్లు తీసేసింది. కరుకు, ముక్తసరి అన్న మాటలు కూడా. ఖాళీ అయిన చోట కర్సరు ఆడుతూ ఉంది. కాసేపటికి రాసింది. "ఆ బ్లాగులోది మీ కళ్లముందు రాసిందా అని ఆయన అడిగారు. నాకే అనుమానం వచ్చింది. నా ముందర రాయలేదండీ అన్నాను. ఆ మాట తర్వాతే హీనా కాగితాన్ని గోడమీంచి తీశారు." చదువుకుంటే ఇందులో అందం ఏమీ లేదు. ఒక చోట ఆగి, "పిల్ల అన్నం తినలేదు. నేను అడగలేదు" అని కూడా చేర్చింది.

వెనక చెప్పుల చప్పుడు. దక్షిణామూర్తి తలుపు దగ్గర నిలబడి తెర వైపు చూస్తున్నాడు. రాత్రి ఇంట్లో భార్య చదివి వినిపించిందని చెప్పాడు. ఇప్పుడు మార్చినదాన్ని ఆయనే చదువుకున్నాడు, నెమ్మదిగా, వేలు గాలిలో ఆడిస్తూ.

"ఆ మాట ఎందుకమ్మా పెట్టడం?" అన్నాడు. "రేపు ఎవరన్నా అడిగితే మీ మీదికే వస్తాది."

"వస్తాది సార్."

"సాయంత్రానికి తీసేయమంటి గదా."

"రాసివ్వండి సార్, తీసేస్తాను. ఎందుకు తీసేస్తున్నామో పిల్లలకు చెప్పాల. మీరు రాసిచ్చింది పైన పెట్టి, దాని కింద మూసేస్తాను."

దక్షిణామూర్తి అలవాటు కొద్దీ కిటికీ వైపు నడిచాడు, మూయబోయి, బయట వరుసల్లో నిలబడుతున్న పిల్లల్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రాసివ్వడం అనేది ఆయన ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టం లేని పని. ఈ వారం చూద్దాంలే అనుకుంటూ, ఎవరితో అంటున్నాడో తెలియకుండా, బయటికి వెళ్లిపోయాడు.

ప్రార్థన అయ్యాక తొమ్మిదో తరగతి ల్యాబుకు వచ్చింది. అది వాళ్ల పీరియడే. పిల్లలు వంతుల కోసం గుసగుసలాడుతూ కంప్యూటర్ల చుట్టూ మూగారు. హీనా చివర వచ్చింది. తన్మయి ఏమనాలో ఆలోచించుకునే లోపల ఆ పిల్ల పక్కకు వచ్చి నిలబడి, తెర మీద ఉన్నది మొత్తం చదివింది. పెదాలు కదిలాయి.

"అయిపోయినాదా మేడమ్?" అని అడిగింది. "నేను రాయల్ల."

తన్మయి లేచి కుర్చీ ఇచ్చింది.